ఒంటి సీటు బండి

మా నాయన బండి చప్పుడు ఎలా ఉండేదో రాసి చూపించడం నా వల్ల కాదు. నోటితో చేసి చూపిస్తే మా ఆవిడ నవ్వుతుంది. టబ్ టబ్ మంటూ మొదలై, గేరు మారేటప్పుడు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, మళ్ళీ గొంతెత్తి అందుకునేది. రెండు పక్కలా రెండు సైలెన్సర్లు, కోడిగుడ్డులాంటి ట్యాంకు, కిక్కు కొట్టిన రాడ్డునే ముందుకు మడిస్తే అదే గేరు రాడ్డు. ఆ కాలంలో బండ్లు నడిపినవాళ్ళకు ఈపాటికే అది ఏ బండో తెలిసిపోయి ఉంటుంది. మిగతావాళ్ళకు పాత బండి అని తెలిస్తే చాలు.

మేము అప్పుడు యర్రగొండపాలెంలో ఉండేవాళ్ళం. మా నాయన ఆర్‌ఎంపీ డాక్టరు. అంటే చదువుకున్న డాక్టరు కాదు. మార్కాపురంలో ఒక పెద్ద డాక్టరు దగ్గర ఏళ్ళ తరబడి కాంపౌండరుగా చేసి, సూది వేయడం, కట్టు కట్టడం నేర్చుకుని, సొంతంగా సంచి తగిలించుకున్నవాడు. ఆయన్ని దేవుణ్ణి చేసి చెప్పే ఉద్దేశం నాకు లేదు. జ్వరమొస్తే సూది, కీళ్ళు లాగితే సూది, ఊరికే నీరసం అన్నా సూదే. నోరు కూడా మంచిది కాదు. "పుండు ముదరబెట్టుకొని ఇప్పుడు తెచ్చి నా మొహాన పెడతావా" అని ముసలివాళ్ళను సైతం కసిరేవాడు. అయినా పుల్లలచెరువు దారిలో, నల్లమల అంచున ఉన్న పల్లెలకు ఆయన తప్ప దిక్కు లేదు. బస్సు పొద్దున ఒకసారి వచ్చేది, సాయంత్రం ఒకసారి వచ్చేది. మధ్యలో ఎవరికేం ముంచుకొచ్చినా మా నాయన బండే.

ఆ పల్లెల్లో ఒక పద్ధతి ఉండేది. ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోతే, తమ ఇంటి దారి రోడ్డును కలిసే చోట కంపచెట్టుకు ఒక తెల్లగుడ్డ కట్టేవాళ్ళు. పాత పంచె చింపిన ముక్క అయినా సరే, తువ్వాలు అయినా సరే, తెల్లగా ఉంటే చాలు. నాయన అది చూసి బండి ఆపి ఆ ఇంటికి పోయేవాడు. రోగిని చూడటం అయ్యాక చేతులు కడుక్కుని, తిరిగి రోడ్డెక్కేటప్పుడు ఆ గుడ్డను తనే విప్పి, దానితోనే చేతులు తుడుచుకుని, ఇంటివాళ్ళ చేతికి ఇచ్చేవాడు. గుడ్డ విప్పాడంటే డాక్టరు చూసి పోయినట్టు. ఆయన విప్పితేనే. ఇంటివాళ్ళు దాని మీద చెయ్యి వేసేవాళ్ళు కాదు, వేస్తే రోగం తిరగబెడుతుందని వాళ్ళ భయం.

సెలవుల్లో నాయన నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని తిప్పేవాడు. గుడ్డ కనిపెట్టే పని నాది. "అదో నాయనా, గుడ్డ" అని నేను అరవడం, ఆయన క్లచ్ పట్టడం. బండి సీటు బల్లలాగా పొడుగ్గా ఉండేది. మార్కాపురం తీసుకుపోవాల్సిన రోగి అయితే నాయన వెనక రోగి, రోగి పడిపోకుండా పట్టుకుని ఇంకో మనిషి, ముందు నేను. నాయన చొక్కాకు పెట్రోలు వాసన, స్పిరిట్ వాసన కలిసి వచ్చేవి. మా చప్పుడు విని పల్లెలో ముందే మంచం బయట వేసేవాళ్ళు. మేము వచ్చేసరికి రోగి మంచం మీద, వేడినీళ్ళు చెంబులో సిద్ధంగా ఉండేవి.

నాయన పోయి చాలా ఏళ్ళయింది. బండి అంతకు ముందే పాత ఇనుము కింద పోయింది. అది పోయిన రోజు నాకేమీ అనిపించలేదు.

నేను మార్కాపురంలో ఫ్లెక్సీలు కొట్టే దుకాణం పెట్టుకున్నాను. పుట్టినరోజైనా, పెళ్ళైనా, చావైనా, ఎన్నికలైనా మా ఊళ్ళో ఫ్లెక్సీ లేనిదే పని జరగదు. మనిషి ఎలా ఉన్నా బోర్డు మీద తెల్లగా, నిండుగా, నవ్వుతూ ఉండాలి. ఆ పని నాకు బాగా వచ్చు. దాంతోనే నిలదొక్కుకున్నాను, ఇల్లు కట్టుకున్నాను. యాభై దాటాక ఒకరోజు దుకాణంలో కూర్చుని ఫోను చూస్తుంటే ఆ బండి కనబడింది. అదే ట్యాంకు, అదే గుండ్రటి హెడ్‌లైటు, అవే రెండు సైలెన్సర్లు. పాత బండిని కంపెనీవాళ్ళు కొత్తగా చేసి మళ్ళీ అమ్మకానికి వదిలారు. సెల్ఫ్ స్టార్టు, డిస్కు బ్రేకులు, లోపలంతా కొత్త. పైన మాత్రం పాత మొహం. నాకు కన్నీళ్ళొచ్చాయి. నిజంగానే వచ్చాయి. ఇప్పుడు తలుచుకుంటే ఆ కన్నీళ్ళ మీదే ఒళ్ళు మండుతుంది.

"మీ నాయన బతికున్నప్పుడు మందుబిళ్ళలు తెచ్చియ్యమంటే వారం చేసేటోడివి. ఇప్పుడు నాయన బండి అంటా ఏడుస్తాండావా?" అంది మా ఆవిడ. ఆమె మాట తీరే అంత. పెళ్ళయినప్పటి నుంచి ఒక్క మాట కూడా నాకు నునుపు చేసి చెప్పలేదు.

బండి కొన్నాను. మాది ప్రార్థనకు పోయే కుటుంబం, కాబట్టి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టలేదు. పాస్టరు గారిని పిలిచాం. ఆయన ట్యాంకు మీద చెయ్యి ఉంచి, ఈ వాహనాన్ని ప్రమాదాల నుంచి కాపాడు తండ్రీ, నీ పనికి వాడుకో ప్రభువా అని ప్రార్థించారు. అందరం ఆమెన్ అన్నాం. నేను కొంచెం గట్టిగానే అన్నాను.

ఆ తర్వాత నేను చేసిన మొదటి పని సీటు మార్పించడం. కంపెనీ ఇచ్చిన సీటు ఇద్దరికి సరిపోయేదే. కానీ ఫోనులో ఈ రకం బండ్ల షోకిలాల ఫోటోలు చూస్తే అన్నిటికీ ఒంటి సీటే. గోధుమరంగు తోలు, కింద స్ప్రింగులు, వెనక ఖాళీ మడ్‌గార్డు. పాతకాలపు అందమంటే అదేనట. మా నాయన బండికి అలాంటి సీటు ఏనాడూ లేదు. అది తెలిసి కూడా పెట్టించాను. మా ఆవిడ బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"మరి నేనేడ కూచోవాల?"

"నీకు స్కూటీ ఉంది గదా."

"అయితే ఇది మీ నాయన బండి కాదులే. మీ నాయన బండి ఊరంతా ఎక్కేది" అని లోపలికి పోయింది. నేను చెవిన వేసుకోలేదు. ఆడవాళ్ళకు బండ్ల సంగతి ఏం తెలుసులే అనుకున్నాను.

తర్వాత చప్పుడు. కొత్త బండి చప్పుడు పెద్దమనిషి దగ్గులాగా మర్యాదగా ఉంది, నాకు నచ్చలేదు. గిద్దలూరులో పాత బండ్లు బాగుచేసే మెకానిక్ ఒకాయన ఉన్నాడంటే అక్కడికి పోయాను. "దాని గొంతు దీనికి రాదు సార్. అది టూ స్ట్రోకు ఇంజను, ఇది ఫోర్ స్ట్రోకు" అన్నాడు. నేను వదల్లేదు. సైలెన్సర్లు విప్పించి, లోపలివి తీయించి, గొట్టాలు మార్పించి, అతని ప్రాణం తీసి, చివరికి ఒక చప్పుడు తెప్పించాను. దగ్గరగా వింటే తేడా తెలుస్తుంది. దూరం నుంచి, కొండ పక్కన వింటే అచ్చం అదే. షెడ్డు బయట నిలబడి అతన్ని బండి రోడ్డు చివరిదాకా తీసుకుపొమ్మని, కళ్ళు మూసుకుని విన్నాను. నాయన వస్తున్నట్టే ఉంది.

ఇక ఆదివారాలు మొదలయ్యాయి. "ప్రార్థన చేయించిన బండేసుకొని ప్రార్థనకే ఎగనామం పెడతాండావు" అని మా ఆవిడ అంటూనే ఉంది, నేను పోతూనే ఉన్నాను. హ్యాండిల్‌కు ఫోను బిగించుకుని, యర్రగొండపాలెం మీదుగా పుల్లలచెరువు దారి పట్టేవాణ్ణి. రెండు పక్కలా ఎర్రనేల, కంది, పత్తి, ఎండిపోయిన బోర్లు, నీళ్ళ ట్యాంకర్లు, దూరంగా నల్లమల. నడుపుతూ నాయన గురించి మాట్లాడేవాణ్ణి. ఇదే దారిలో ఆయన ఎండనక వాననక తిరిగాడని, ఎందరికో ప్రాణం పోశాడని గొంతు గద్గదం చేసుకుని చెప్పేవాణ్ణి. సూదుల సంగతి, తిట్ల సంగతి చెప్పేవాణ్ణి కాదు. ఇంటికొచ్చి ఆ వీడియో ఫోనులో అందరూ చూసేట్టు పెట్టేవాణ్ణి. నాయన బండి, నాయన దారి అని దానికో పేరు కూడా పెట్టి, ఫ్లెక్సీకి చేసినట్టే అక్షరాలకు నీడలు, మెరుపులు వేశాను. జనం మెచ్చుకున్నారు. మా నాయన గుర్తొచ్చాడన్నా అని ఎవరెవరో రాసేవాళ్ళు. నాకు కళ్ళు నెత్తికెక్కాయి.

ఆ దారిలో ఒక మలుపు నాకు మరీ ఇష్టం. మలుపు తిరగగానే కొండ ఎదురుగా వస్తుంది. పక్కన పలకరాళ్ళు నిలబెట్టిన దడి, దాని వెనక నాలుగిళ్ళ పల్లె. దడి చివర కంపకు ఏదో తెల్లగా గాలికి ఊగుతూ ఉండేది. వీడియోలో అందంగా పడేది. ఆ తెల్లటిది భలే ఉందన్నా అని ఒకతను రాస్తే నేను కింద గుండె బొమ్మ పెట్టాను. ఆ మలుపు దాటాక దారి తిన్నగా ఉంటుంది, అక్కడ బండి చప్పుడు బాగా పలుకుతుంది. అందుకని వేగం పెంచేవాణ్ణి. ఒక ఆదివారం అద్దంలో చూస్తే వెనక రోడ్డు మధ్యలో ఎవరో నిలబడి చెయ్యి ఎత్తి ఊపుతున్నారు. ముసలామెలాగా ఉంది. పల్లెటూళ్ళలో ఇంకా ఇంత ప్రేమ ఉంది చూడు అనుకుని నేనూ చెయ్యి ఎత్తి ఊపాను. ఆ ముక్క వీడియోలో ముందు భాగంలో పెట్టాను.

నేను ఆగిన రోజు కూడా నా అంతట నేను ఆగలేదు. గొర్రెలు ఆపాయి.

మలుపు తిరిగేసరికి మంద రోడ్డు నిండా పరుచుకుని ఉంది. మందను తోలే మనిషి మొపెడ్ మీద వెనక నిదానంగా వస్తున్నాడు, ముందు కాళ్ళ దగ్గర ఒక గొర్రెపిల్లను పెట్టుకుని. నేను ఇంజను ఆపకుండా కాలు కింద పెట్టి, మందను వీడియో తీసుకుంటూ నిలబడ్డాను. వెనక నుంచి బండిని ఎవరో పట్టి లాగినట్టు అనిపించింది. తిరిగి చూస్తే ముసలామె. ఖాళీ మడ్‌గార్డును రెండు చేతులతో పట్టుకుని రొప్పుతోంది.

"ఆగినావా నాయనా" అంది. "ఈ వారం గూడా పోతావేమో అనుకున్నా."

ఇంజను ఆపి హెల్మెట్ తీశాను. ఆమె నా మొహానికి దగ్గరగా వచ్చి చూసింది. కళ్ళు సరిగా కనిపించవని ఆ చూపులోనే తెలుస్తోంది.

"డాక్టరు కొడుకువే. మీ నాయన పోలికే. మీ నాయన పోయినాడని మాకు తెలుసు. కొడుకు డాక్టరు అయినాడు, నాయన బండేసుకొని తిరగతాండాడు అని నేనే ఊళ్ళో అందరికీ చెప్పినా. చప్పుడు కొంచెం బొంగురు పోయింది. బండి గూడా ముసల్దయింది గదా అనుకున్నా."

నేను డాక్టరును కాదని అప్పుడే చెప్పాల్సింది. చెప్పకుండా బండికి స్టాండు వేశాను.

"గుడ్డ కట్టినా గదా నాయనా. కనపల్లేదా?"

ఆమె చెయ్యి చూపించిన వైపు చూశాను. దడి చివర కంపకు తెల్లగుడ్డ. వారం వారం నేను వీడియో తీసిన గుడ్డ. ఎండకూ వానకూ మాసి అంచులు పోగులు లేచిపోయాయి. దాన్ని కనిపెట్టడం చిన్నప్పుడు నా పని. ట్యాంకు వంపు నాకు గుర్తుంది, గేరు రాడ్డు గుర్తుంది, నాయన చొక్కా వాసన గుర్తుంది, వాటి గురించి ఊరంతటికీ ఏడుస్తూ చెప్పుకున్నాను. ఆ బండి ఎందుకు ఆగేదో ఒక్కటి మాత్రం నాకు గుర్తు లేదు.

"చప్పుడు వినంగానే ఉరికొస్తాండా. మోకాళ్ళు రావు. నేనొచ్చే లోపల నువ్వు పోతాండావు" అంటూ ఆమె నా చెయ్యి పట్టుకుని నడిపించింది. "డాక్టరు అయితే ఆగడా అని ఊళ్ళో నవ్వినారు. నేను ఒప్పుకోలే. ఒకసారి నేను చెయ్యెత్తితే నువ్వు గూడా ఎత్తినట్టు మసకమసకగా కనపడింది. వచ్చే వారం ఆగుతా అంటాండాడు అని ఇంటికి పోయి చెప్పినా."

ఇంట్లో ఆమె భర్త మంచం మీద ఉన్నాడు. జీవితమంతా గొర్రెలు కాసిన మనిషి. షుగరు ఉందట. కాలికి ముల్లు గుచ్చుకుని పుండు పడిందట. పసుపు, ఏదో ఆకు నూరి పెట్టి, పాత చీర ముక్కతో చుట్టి ఉంది. ఆమె కట్టు విప్పబోతుంటేనే వాసన వచ్చింది. నాకు వైద్యం రాదు. కానీ ఆ వేళ్ళ రంగు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. బొటనవేలు, పక్క వేళ్ళు నల్లబడిపోయి ఉన్నాయి.

"పెద్దాసుపత్రికి పోతే కాలు తీసేస్తారు" అన్నాడాయన, ఏదో రహస్యం చెబుతున్నట్టు. "మీ నాయన అయితే కట్టు కట్టి మాన్పేటోడు. ఆశా వర్కరు అమ్మాయి వచ్చి పోట్లాడింది, మా వాడు బెంగుళూరు నుంచి కబురు పెట్టి తిట్టినాడు, ఆసుపత్రికి పోతావా చస్తావా అని. ఆదివారం ఆదివారం డాక్టరు బండి వస్తాంది, చూపించుకుంటాలే అని చెప్పినా. నీ కోసమే ఉండా."

అప్పుడు చెప్పాను. "పెద్దనాయనా, నేను డాక్టరును కాదు. మార్కాపురంలో ఫ్లెక్సీలు కొడతాను."

ఇద్దరూ నా వైపు చూశారు. 

"మరి ఆ బండి?" అన్నాడాయన.

"ఊరికే. సరదాకు."

"సరదాకా" అన్నాడు. ఎకసెక్కం కాదు. అర్థం చేసుకుందామని చూస్తున్న మనిషిలా ఆ మాట ఇంకోసారి తనలో తను అనుకున్నాడు. ఆయన నన్ను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. మా నాయన అయితే తిట్టేవాడు.

సిగ్గు కప్పుకోవడానికి నేను పెద్దరికం తెచ్చుకున్నాను. "ఇప్పుడే మార్కాపురం పోదాం పద పెద్దనాయనా. కాలు మొత్తం పోకుండా ఉండాలంటే ఇప్పుడే పోవాల. నేను తీసుకుపోతా" అని ఆజ్ఞాపించినట్టు చెప్పి, ఆయన్ని లేపి, చంక కింద చెయ్యి వేసి రోడ్డు దాకా నడిపించుకొచ్చాను. ఎదురుచూసిన డాక్టరు లేడని తెలిశాక ఆయనకు ఇంకేం మొండితనం మిగులుతుంది? ముసలామె వెనకే గుడ్డసంచితో వచ్చింది. బండి దగ్గరికి వచ్చి ఆగాం. ఆయన నన్ను ఆనుకుని ఒంటి కాలి మీద నిలబడి, చెయ్యి చాచి తోలు సీటును తడిమాడు. సీటు అయిపోయిన చోట ఆయన చెయ్యి గాలిలోకి జారింది. ఇంకా వెనక్కి పోయి ఇనుప మడ్‌గార్డును ముట్టుకుంది.

"యాడ కూచోవాల నాయనా?"

మా ఆవిడ అడిగిన మాటే. తల కొట్టేసినట్టయింది. అంబులెన్సుకు ఫోను చేద్దామని చూస్తే సిగ్నల్ లేదు. ఆ మలుపులో ఏనాడూ లేదు. వీడియో తీయడానికి సిగ్నల్ అక్కర్లేదు కాబట్టి నాకు ఆ సంగతి తెలియదు. ఆయన్ని ట్యాంకు మీద కూర్చోబెట్టుకుందామా అని కూడా ఆలోచించాను. ఆ కాలితో, ఆ వయసులో, ట్యాంకు మీద! 

మందను తోలే మనిషి మొపెడ్ ఆపి ఇదంతా చూస్తున్నాడు. దాని రంగు ఏదో కూడా తెలియడం లేదు. సీటు చిరిగిపోతే గోనెసంచి మడిచి తాడుతో కట్టుకున్నాడు. అతను గొర్రెపిల్లను దించి ముసలామె చేతిలో పెట్టాడు. వెనక ఉన్న మేత మోపు విప్పి రోడ్డు పక్కన పడేశాడు.

"ఎక్కు మామా" అన్నాడు. నా వైపు తిరిగి, "అన్నా, నువ్వు కాలు పట్టుకొని ఎక్కించు, అంతే" అన్నాడు. నేను అంతే చేశాను.

మొపెడ్ ముందు, నేను వెనక. ముసలామె గొర్రెపిల్లను చంకలో పెట్టుకుని, మందను కాస్తూ రోడ్డు మీదే ఉండిపోయింది. తర్వాత ఎవరి ఆటోనో పట్టుకుని వచ్చింది. మొపెడ్ వేగానికి నా బండి మొదటి గేరులోనే మొరుగుతూ పోవాల్సి వచ్చింది. దారిలో పల్లెల దగ్గర ఆ చప్పుడుకు జనం తల తిప్పి చూశారు. ముందు డొక్కు మొపెడ్ మీద రోగి, వెనక మెరిసిపోయే బండి మీద ఖాళీగా నేను. అంత కష్టపడి తెప్పించుకున్న చప్పుడు నోరు నొక్కేద్దామన్నా నా చేతిలో లేదు. హెల్మెట్ ఉండబట్టి నా మొహం ఎవరికీ కనబడలేదు.

యర్రగొండపాలెంలో అంబులెన్సు దొరికింది. మార్కాపురంలో చూసి ఒంగోలు పంపారు. ఒంగోలులో సగం పాదం తీసేశారు. "కొన్ని వారాలు ముందు తెచ్చి ఉంటే వేళ్ళతో పోయేది" అని డాక్టరు చెప్పాడు. తిట్టలేదు, మామూలుగా చెప్పాడు. ముసలామె నా పక్కనే నిలబడి వింది. ఆమె నా వైపు తిరగలేదు. నేను కూడా ఆమె వైపు తిరగలేకపోయాను.

ఇంటికొచ్చి వీడియోలన్నీ వరసగా పెట్టి చూశాను. మా ఆవిడ పక్కన కూర్చుంది. మొదటి వీడియోలో కంపకు ఏమీ లేదు. ఆ తర్వాతి దాంట్లో గుడ్డ ఉంది, తెల్లగా, కొత్తగా. ఆ తర్వాత మాసిపోతూ వచ్చింది. ఒకదాంట్లో దడి వెనక ఆమె లేచి నిలబడుతోంది. ఒకదాంట్లో దడి పట్టుకుని వస్తోంది. ఇంకోదాంట్లో గుండ్రటి అద్దంలో రోడ్డు మధ్య చెయ్యి ఎత్తి ఉంది.

"ఈమేనా?" అంది మా ఆవిడ.

"ఆ."

"నువ్వు గూడా చెయ్యి ఊపినావా?"

"ఊపినా."

ఇంకేమైనా అంటుందని చూశాను. ఏమీ అనలేదు. లేచి వంటింట్లోకి పోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె నన్ను ఒక్క మాటైనా అనకుండా వదిలింది అప్పుడే. వీడియోలన్నీ తీసేశాను. ఏమైందన్నా, వీడియోలు ఆపేశావేం అని జనం అడిగితే జవాబు ఇవ్వలేదు. మా పాస్టరు గారు ఎదురుపడితే పక్క సందులోకి తప్పుకుంటున్నాను.

గిద్దలూరు పోయి కంపెనీ సైలెన్సర్లు, కంపెనీ సీటు మళ్ళీ పెట్టించుకున్నాను. "ఏంది సార్, అంత సతాయించి తెప్పించుకొని" అన్నాడు మెకానిక్. పోలీసులు ఫైను వేస్తున్నారని అబద్ధం చెప్పాను. 

ముసలాయన ఒంగోలు నుంచి ఇంటికి వచ్చాడని తెలిసింది. కట్టు మార్పించడానికి మార్కాపురం తిప్పాల్సి ఉంటుంది. ఆదివారం కాని రోజు చూసుకుని పోయాను. మలుపు దగ్గర బండి ఆపి, దడి పక్క నుంచి నడిచి ఇంటి ముందు నిలబడ్డాను. ముసలామె గుమ్మంలో కూర్చుని కందులు చెరుగుతోంది. నేను వచ్చిన అలికిడి కూడా ఆమెకు తెలియలేదు. నీడ పడేసరికి తలెత్తింది.

"ఎవరూ?"

ఇదివరకు ఆ పల్లెల్లో ఎవరడిగినా డాక్టరు గారి కొడుకును అని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఆ మాట నోటికి రాలేదు.

"ఆగకుండా పోయేవాణ్ణి పెద్దమ్మా" అన్నాను.

ఆమె చేట పక్కన పెట్టింది. "నువ్వా. బండి తేలేదా? ఏమీ వినపళ్ళా."

"రోడ్డు మీద ఉంది. చప్పుడు తీయించేసినా. పెద్దనాయనను కట్టుకు తీసుకుపోదామని వచ్చినా."

"కూచో. నీళ్ళు తాగు" అంది.

ముసలాయన చేతికర్ర మీద బయటికి వచ్చాడు. కాలు చివర గుండ్రంగా, తెల్లటి కట్టు. ఆయన్ని రోడ్డు దాకా తీసుకొచ్చాను. ఎక్కకముందు ఆయన మళ్ళీ చెయ్యి చాచి సీటును ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమాడు. "ఆ, ఇది సీటు" అన్నాడు. ఎక్కించాను. ముసలామె ఆయన వెనక ఎక్కడానికి వచ్చి ఆగింది.

"ఆ గుడ్డ విప్పియ్యి నాయనా" అంది.

కంపకు గుడ్డ ఇంకా అలాగే ఉంది.

"నువ్వు విప్పలేదా పెద్దమ్మా?"

"మేము విప్పగూడదు గదా. మీ నాయనే విప్పేటోడు."

"నేను డాక్టరును కాదు గదా."

"తెలుసులే. చూసినావు గదా. విప్పు."

కంప ముందు వంగాను. ముడి ఎండకు ఎండి, వానకు బిగిసి, కొమ్మలో ఒక భాగమైపోయింది. గోళ్ళతో పీకితే కదల్లేదు. ముళ్ళు రెండు చేతులకూ గీసుకున్నాయి. ఒక కొస పట్టుకుని లాగితే ఇంకా బిగిసింది. వెనక వాళ్ళిద్దరూ చూస్తున్నారని తెలుసు, చెమటలు పట్టాయి.

"రాకపోతే కోసెయ్ అబ్బయ్యా" అన్నాడు ముసలాయన సీటు మీద నుంచి. "నా కాలే కోసినారు, అదెంత."

అని ఆయనే నవ్వాడు. ముసలామె కూడా కొంచెం నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కొయ్యడానికి చెయ్యి కూడా రాలేదు. వాళ్ళిద్దరూ బండి దగ్గర కాచుకుని ఉంటే, నేను ఆ ముళ్ళలో వేళ్ళు పెట్టి ముడి విప్పుతూనే ఉన్నాను.